తారిణి బరువు

నల్లమాడ మెట్టల్లో గాలికి కొదవ లేదు, కొదవంతా నీటికే. పాత అనంతపురం జిల్లాలోనే రామగిరి కొండల మీద గాలిమరలు ఏళ్లుగా తిరుగుతున్నాయి. ఆ రెక్కల్ని తిప్పేదీ, సముద్రంలో తెరచాప పడవను నడిపేదీ ఒకటే సూత్రం. వంపు తిరిగిన తలానికి రెండు పక్కలా గాలి వేర్వేరు వేగాలతో పారుతుంది. వేగం ఎక్కువున్న పక్క ఒత్తిడి తగ్గుతుంది, రెక్క అటువైపు లాక్కుపోతుంది. అందుకే తెరచాప పడవ గాలి వాలునే కాదు, గాలికి ఏటవాలుగా ఎదురు కూడా వెళ్లగలదు.

తేడా కాళ్ల దగ్గరుంది. గాలిమర స్తంభం కాంక్రీటు దిమ్మెలో పాతుకుని ఉంటుంది. పడవకు ఆ ఆసరా లేదు. గాలి పక్కకు తోసినప్పుడు దాన్ని పడిపోకుండా నిలబెట్టాల్సింది దాని సొంత బరువే. ఆ బరువును ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నదే దూర సముద్రాల పడవను గీసేవారికి మొదటి లెక్క. ఆ లెక్క ఎలా ఉంటుందో చూడటానికి మన భారత నౌకాదళం పడవ ‘తారిణి’ని మించిన ఉదాహరణ అక్కర్లేదు.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు మహిళా అధికారులతో తారిణి భూప్రదక్షిణకు బయలుదేరింది. సారథి లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి. మిగతా అయిదుగురిలో ఇద్దరు తెలుగువారు: విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. మూడు మహాసముద్రాలు దాటి, 21,600 నాటికల్ మైళ్లు తిరిగి, 254 రోజుల తర్వాత 2018 మే 21న మళ్లీ గోవా చేరారు. పడవ పొడవు 56 అడుగులు, వెడల్పు అయిదు మీటర్లు, బరువు 23 టన్నులు. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డె స్టాట్ సంస్థ గీసిన ‘టోంగా 56’ నమూనాలో గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్ దాన్ని కట్టింది.

ఇరవై మూడు టన్నులు తక్కువ బరువేమీ కాదు. ఫ్రాన్స్‌లో మొదలై అక్కడే ముగిసే ‘వాండే గ్లోబ్’ పందెంలో ఒంటరి నావికులు నడిపే పడవలు ఇంచుమించు ఇంతే పొడవుంటాయి. ఇంకో నాలుగడుగులు ఎక్కువే. కానీ వాటి బరువు ఎనిమిది, తొమ్మిది టన్నులు. 2024లో మొదలైన పందెంలో షార్లీ దాలాఁ అలాంటి పడవ మీద 65 రోజులు నిండకుండానే ప్రపంచాన్ని చుట్టేశాడు. ఆ వేగానికి చెల్లించే మూల్యం కూడా అదే పందెం చరిత్రలో ఉంది. 2020 నవంబరు 30న గుడ్ హోప్ అగ్రానికి దిగువన కెవిన్ ఎస్కోఫియే పడవ ఒక అలలోకి దూసుకెళ్లి రెండుగా విరిగింది. లైఫ్‌రాఫ్ట్‌లో తేలుతున్న అతణ్ని తోటి పోటీదారు జాఁ లె కామ్ వెతికి పట్టుకున్నాడు. దూరప్రయాణపు పడవ ఇలాంటి బేరానికి ఒప్పుకోదు.

బరువు ఉంటే చాలదు, అది అడుగున ఉండాలి. పడవ అడుగున రెక్కలా దిగే కీల్ చివర సీసం లాంటి బరువైన లోహం ఉంటుంది. పడవ ఒరిగే కొద్దీ ఆ లోహం పక్కకు జరిగి, కిందికి లాగుతూ, పడవను తిరిగి నిటారుగా నిలబెడుతుంది. తెరచాప ఎంత బలంగా తోస్తే కీల్ అంత బలంగా బదులిస్తుంది.

వెడల్పు సంగతి వేరు. వెడల్పాటి పడవ మామూలు గాలిలో కుదురుగా కనిపిస్తుంది కానీ, ఒకసారి తలకిందులైతే ఆ స్థితిలోనూ అంతే కుదురుగా ఉండిపోతుంది. ఈ సంగతి 1979 ఆగస్టులో ఇంగ్లండ్ దగ్గర జరిగిన ‘ఫాస్ట్‌నెట్’ పందెం కఠినంగా నేర్పింది. 303 పడవలు బయలుదేరాయి. తుపానులో 15 మంది పోటీదారులు చనిపోయారు, 24 పడవలను నావికులు వదిలేశారు. ఆ తర్వాతి అధ్యయనాల నుంచి ఒక చిన్న సూత్రం వచ్చింది. పడవ బరువును పౌండ్లలో తీసుకుని 64తో భాగించి, ఘనమూలం కట్టాలి. అడుగుల్లో ఉన్న వెడల్పును ఆ అంకెతో భాగించాలి. వచ్చే ఫలితం రెండు దాటకూడదు. తారిణి కొలతలు వేసి చూస్తే దాదాపు 1.77 వస్తుంది. ఇది తొలి వడపోత మాత్రమే, పూర్తి పరీక్ష కాదు. అయినా బరువు పెరిగే కొద్దీ అంకె తగ్గుతుందని ఇందులో స్పష్టంగా తెలుస్తుంది.

మరి వేగం? నీళ్లను చీల్చుకుంటూ పోయే పడవ తన అల తానే సృష్టించుకుని అందులోనే చిక్కుకుంటుంది. నీటిమట్టం దగ్గర పడవ పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే దాని సహజ పరిమితి నాట్లలో వస్తుంది. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. పదహారు అడుగులకు 5.4 నాట్లు, 49 అడుగులకు 9.4. అంటే బరువైన పడవకు వేగం పొడవులోంచే రావాలి. తారిణి కన్నా ముందు అదే నమూనాలో కట్టిన ‘మాదేయి’ మీద అభిలాష్ టోమీ 2012 నవంబరు 1న ముంబయి నుంచి ఒంటరిగా బయలుదేరి, ఎక్కడా ఆగకుండా, మార్చి 31కి తిరిగొచ్చాడు. 23 వేల నాటికల్ మైళ్లకు పైగా ప్రయాణం, రోజుకు సగటున 150 మైళ్ల పైచిలుకు. గంటకు ఆరు నాట్లు దాటిన ఈ అంకె చిన్నదిగా కనిపించవచ్చు. రాత్రీ పగలూ అయిదు నెలలు నిలబెట్టిన సగటు అది. అదే నావికుడు 2022-23 ‘గోల్డెన్ గ్లోబ్’ పందెంలో 36 అడుగుల ‘బయానత్’ మీద 236 రోజుల్లో రెండో స్థానంలో వచ్చాడు. ఆ పందెం దూరం దాదాపు 30 వేల మైళ్లు, రోజుకు 127 పడుతుంది.

బరువుకు శిక్ష పిల్లగాలుల్లో పడుతుంది. గోవా నుంచి దక్షిణానికి దిగే పడవ భూమధ్యరేఖ దగ్గర గాలి ఊసే లేని పట్టీ దాటాలి. అక్కడ తేలిక పడవ ఎలాగో జారుకుంటుంది, బరువైనది నిలిచిపోతుంది. అందుకే తారిణికి 25 మీటర్ల ఎత్తున్న తెరచాప కొయ్య పెట్టారు, ఆరు రకాల తెరచాపలు ఇచ్చారు. వాటిలో తుపానుకు వేరే చిన్న చాప ఉంది. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది కాబట్టి ఆ ఏర్పాటు అలంకారం కాదు. పసిఫిక్‌లో ఆ ఆరుగురికి 60 నాట్లు దాటిన గాలి, ఏడు మీటర్ల అలలు ఎదురయ్యాయి. ఇరవై నాట్ల మంచి గాలితో పోలిస్తే అది తొమ్మిదింతల ఒత్తిడి. అలాంటప్పుడు పెద్ద చాపను కింది నుంచి మడిచి కట్టి విస్తీర్ణం తగ్గిస్తారు. చీకట్లో, ఊగే పడవ మీద, చలికి బిగుసుకున్న చేతులతో చేసే పని ఇది.

కరవు సీమ పాఠకులకు నీటి లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. వెయ్యి లీటర్ల మంచినీళ్లంటే ఒక టన్ను. తిండి, డీజిల్, విడిభాగాలు దీనికి అదనం. ఆరు టన్నుల పడవకు ఒక టన్ను ఎక్కిస్తే నీళ్లలో మునిగే లోతు మారుతుంది, నడక మారుతుంది. ఇరవై మూడు టన్నులకు అది నూటికి నాలుగైదు వంతులే. పైగా బరువైన పడవ అల మీద ఒక్కసారిగా ఎగిరిపడదు, నెమ్మదిగా లేచి దిగుతుంది. వంట, నిద్ర, మరమ్మతు అన్నీ ఆ ఊపులోనే సాగాలి కాబట్టి మనుషులు ఎంతకాలం పనిచేయగలరో కూడా ఇదే తేలుస్తుంది. పడవ గోడ కూడా అదే ఆలోచనతో కట్టినది: మధ్యలో చెక్క, ఇరువైపులా ఫైబర్ గ్లాసు పొరలు. మందం వల్ల బిగువు వస్తుంది, చలి, చప్పుడు తగ్గుతాయి.

ఎంత గట్టి పడవైనా యంత్రాలు మొరాయిస్తాయి. తిరుగు ప్రయాణంలో చుక్కాని తిప్పే వ్యవస్థ చెడిపోవడంతో 2018 ఏప్రిల్‌లో తారిణి మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగాల్సి వచ్చింది. దూరప్రయాణపు పడవల్లో చుక్కానికి నేరుగా తగిలించే అత్యవసర పిడిని వేరుగా దాచుకునేది ఇందుకే.

తెలుగు తీరానికి తెరచాప కొత్త కాదు. రెండు కొయ్యల ఓడ బొమ్మతో శాతవాహన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలు ముద్రించాడు. గోదావరి ముఖాన కోరంగిలో ఒకప్పుడు ఓడలు కట్టేవారు. ఆ విద్య తీరం వెంట సరుకు చేరవేసే అవసరం మీద బతికింది, అవసరం తీరాక సన్నగిల్లింది. నౌకాదళం కొత్తగా మొదలుపెట్టిన పరంపర అవసరం వేరు: మనుషులకు సముద్రం నేర్పడం. 2009-10లో మాదేయి మీద దిలీప్ దోందే ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన తొలి భారతీయుడయ్యాడు. తర్వాత టోమీ, ఆ తర్వాత ఈ ఆరుగురు.

2024 అక్టోబరు 2న తారిణి రెండోసారి భూప్రదక్షిణకు గోవా విడిచింది. ఈసారి పడవలో ఉన్నది ఇద్దరే, లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప. ఒకరు నిద్రపోతే మరొకరు కాపలా. తెరచాప మడవాలన్నా, చుక్కాని చూడాలన్నా రెండు జతల చేతులే. అదే కీల్, అదే 25 మీటర్ల కొయ్య, అవే 23 టన్నులు. 2025 మే 29న వాళ్లు గోవా చేరారు.