జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: గ్ను యూనిఫాంట్‌లో తెలుగు అక్షర స్వరూపం – విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక లిపికి చెందిన గుర్తులన్నీ ఒక ఖతిలో, అనగా ఫాంటులో, ఉన్నప్పుడు ఆ ఖతి ఆ లిపికి ‘మద్దతు’ ఇస్తున్నదని చెప్పడం కంప్యూటరు రంగంలో పరిపాటి. గుర్తులన్నీ ఉండడం వేరు, ఆ గుర్తులతో భాషను రాయగలగడం వేరు. రోమన్ లిపి విషయంలో ఈ రెంటికీ మధ్య అంతరం స్వల్పం. తెలుగు విషయంలో అది చాలా పెద్దది. ఆ అంతరం స్వభావమేమిటో, దాన్ని కొలిచే సాధనాలు తెలుగు ఛందో వ్యాకరణ సంప్రదాయంలో ఏ మేరకు ఉన్నాయో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు స్వీకరించిన ఖతి గ్ను యూనిఫాంట్. పరీక్షాపదాలు ఉత్తర తెలంగాణలోని మూడు పట్టణాల పేర్లు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల.

ఈ మూడు పట్టణాలూ ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనివే. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్విభజనలో మొదటి రెండూ జగిత్యాల జిల్లాలోకి, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చాయి. వీటిని ఎన్నుకోవడానికి కారణం భౌగోళికం మాత్రమే కాదు. మూడు పేర్లలోనూ ఒక్కొక్క సంయుక్తాక్షరం ఉంది. జగిత్యాలలో తకారానికి యకారం చేరి, దానిపై దీర్ఘం వచ్చింది. కోరుట్లలో టకారానికి లకారం చేరింది. సిరిసిల్లలో లకారమే ద్విత్వమైంది. పైగా య, ల రెండూ ఒత్తుగా మారినప్పుడు మూలరూపాన్ని వదిలి వేరే ఆకారం పొందే హల్లులు. ఇవి నిఘంటువు మూలల్లో వెతికి తెచ్చిన అరుదైన పదాలు కావు. బస్సు పలక మీద, దుకాణం బోర్డు మీద నిత్యం కనిపించే పేర్లు. వీటిని రాయలేని సాధనం తెలుగును రాయలేదనడానికి వేరే నిదర్శనం అక్కరలేదు.

యూనిఫాంట్ నిర్మాణ సూత్రం

గ్ను యూనిఫాంట్‌ను 1998లో రోమన్ చిబొరా ప్రారంభించాడు. తరువాత పాల్ హార్డీ నిర్వహణలో అది విస్తరించింది. యూనికోడ్ ప్రాథమిక తలంలో ముద్రణకు వచ్చే సంకేతాలన్నిటికీ రూపాలు కల్పించాలన్నది దాని ఆశయం. ఇందులోని ప్రతి రూపం చుక్కల గళ్ళలో ఇమిడి ఉంటుంది. గడి కొలత 8×16 లేదా 16×16. ఒక్కో చుక్క వెలిగి ఉంటుంది, లేదా ఆరి ఉంటుంది. పెద్ద గడిలోని 256 చుక్కలను 64 షోడశాంక సంఖ్యలుగా ఒకే పంక్తిలో రాసి ఉంచుతారు. ఆ పంక్తిని సాధారణ పాఠ్య సంపాదకంలో ఎవరైనా తెరిచి మార్చవచ్చు. ఖతి స్వేచ్ఛా లైసెన్సు కింద లభిస్తుంది గనుక మార్చిన రూపాన్ని పంచుకొనే హక్కు కూడా ఉంది.

అన్ని గుర్తులకూ ఒకే వెడల్పునిచ్చే ఖతిని మోనోస్పేస్ ఖతి అంటారు. ఇది టైపురైటరు నుంచి వచ్చిన పద్ధతి. మీట నొక్కిన ప్రతిసారీ యంత్రం బండి ఒకే దూరం జరిగేది. ఆ నియమమే తరువాత కంప్యూటరు టెర్మినల్‌కూ, ప్రోగ్రాములు రాసే సంపాదకాలకూ సంక్రమించింది. చిన్న గడి, దానికి రెట్టింపు గడి అనే రెండు కొలతలున్న యూనిఫాంట్ ఈ పద్ధతికి కొద్ది సడలింపుతో లోబడిందే. ఇటువంటి ఖతుల్లో తెలుగుకు చోటు దొరకడం అరుదు. విరివిగా వాడుకలో ఉన్న డెజావు సాన్స్ మోనో, నోటో సాన్స్ మోనో ఖతుల్లో తెలుగు లేదు. అక్కడ తెలుగు కావలసినవారు మరో ఖతిని ఆశ్రయించక తప్పదు. ఆ దృష్టితో చూస్తే తెలుగు సంకేతాలకు కూడా గళ్ళు కేటాయించిన యూనిఫాంట్ ఉదారమైన కృషి.

ఒత్తుకు చోటు లేని పట్టిక

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన విభాగంలో 128 స్థానాలున్నాయి. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, అంకెలు అందులో ఉన్నాయి. ఒత్తులు లేవు. హల్లు, పొల్లు గుర్తు, మరో హల్లు వరుసగా వచ్చినప్పుడు రెండవ హల్లును ఒత్తుగా చూపే బాధ్యతను ప్రమాణం ఖతికీ, దాన్ని నడిపే రూపకల్పన యంత్రాంగానికీ వదిలింది. ఇది లోపం కాదు. సంకేతాల సంఖ్యను అదుపులో ఉంచడానికి అనుసరించిన సమంజసమైన మార్గం. అయితే ఒక సంకేతానికి ఒకే రూపం అన్న నియమంతో నిర్మించిన ఖతిలో ఈ మార్గం మూసుకుపోతుంది. సంకేతం లేని ఒత్తుకు ఆ ఖతిలో గడి ఉండదు.

ఫలితంగా యూనిఫాంట్‌లో సిరిసిల్ల అన్న పేరు చివర లకారం, పొల్లు, మళ్ళీ పూర్తి లకారం విడివిడిగా కనిపిస్తాయి. జగిత్యాలలో తకారం పొల్లుతో ఆగి, యకారం దీర్ఘంతో పక్కన నిలుస్తుంది. చదువరి దాన్ని పోల్చుకోగలడు గాని, అది తెలుగు వర్ణక్రమం కాదు. దీనివల్ల కలిగే నష్టం కేవలం అందానికి సంబంధించినది కూడా కాదు. నేటి తెలుగు రాతలో పొల్లుకూ ఒత్తుకూ భేదం ఉంది. ‘రాజ్‌కుమార్’ అని పొల్లుతో రాయడం, ‘రాజ్కుమార్’ అని ఒత్తుతో రాయడం రెండు వేర్వేరు లేఖన నిర్ణయాలు. మొదటిదానిలో పదాల మధ్య హద్దు కనిపిస్తుంది, రెండవదానిలో కనిపించదు. అన్నిటినీ పొల్లుతోనే చూపే ఖతిలో ఈ భేదం చెరిగిపోతుంది. పాఠపరిష్కర్తకు ఇది ఉపేక్షించదగిన విషయం కాదు.

యూనిఫాంట్ నిర్వాహకులు ఈ పరిమితిని దాచలేదు. భారతీయ లిపుల వంటి సంక్లిష్ట లిపులు ఇందులో సరిగా కూర్పు కావని, అటువంటి లిపులకు చివరి ఆశ్రయంగా మాత్రమే ఇది తగినదని వారే ప్రకటించారు. కాబట్టి విమర్శ వారి నిజాయితీపై కాదు. తెలుగు గుర్తులు ఉన్నాయి గనుక తెలుగు ఉన్నదని జాబితాలలో నమోదు చేసుకొనే అలవాటుపైనే విమర్శ.

మూడు పేర్లు, నాలుగు లెక్కలు

ఒక పదం పొడవును ఎలా లెక్కించాలన్న ప్రశ్న దగ్గర ఈ సమస్య స్పష్టమవుతుంది. యూనికోడ్ సంకేతాల లెక్కన జగిత్యాలలో 8, కోరుట్లలో 7, సిరిసిల్లలో 9 సంకేతాలున్నాయి. తెలుగు అక్షరాల లెక్కన వరుసగా 4, 3, 4. మాత్రల లెక్కన, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుంది గనుక, జగిత్యాలకు 6, కోరుట్లకు 5, సిరిసిల్లకు 5.

నాలుగవది టెర్మినల్ లెక్క. ఒక గుర్తుకు ఎన్ని గళ్ళు కేటాయించాలో తేల్చే సూత్రాన్ని మార్కస్ కూన్ రాసిన ప్రోగ్రాము ప్రచారంలోకి తెచ్చింది. దాని ప్రకారం హల్లుకు ఒక గడి. సొంత వెడల్పు లేనివిగా వర్గీకరించిన గుణింతపు గుర్తులకూ, పొల్లుకూ సున్న. కొమ్ముకు మాత్రం ఒక గడి. కారణం, యూనికోడ్ దాన్ని చోటు ఆక్రమించే గుర్తుగా వర్గీకరించింది. ఈ సూత్రాన్ని వర్తింపజేస్తే జగిత్యాలకు 5 గళ్ళు, కోరుట్లకు 5, సిరిసిల్లకు 5. నాలుగక్షరాల పేర్లూ, మూడక్షరాల పేరూ ఒకే పొడవుకు వచ్చాయి. ఈ సమానత్వం అక్షరసంఖ్య నుంచి రాలేదు, మాత్రాసంఖ్య నుంచీ రాలేదు. జగిత్యాల, సిరిసిల్ల పేర్లలో ఒత్తు అదనపు గడిని తీసుకొంది. కోరుట్లలో ఒత్తుతోపాటు కొమ్ము కూడా తీసుకొంది.

సంయుక్తాక్షరం లేని పేరుకు కూడా ఈ చిక్కు తప్పదు. సిరిసిల్ల పక్కనున్న వేములవాడలో అక్షరాలు 5. టెర్మినల్ లెక్కలో గళ్ళు 6. ‘ము’లోని కొమ్ము అందుకు హేతువు. అంటే లోపం ఒత్తుకు మాత్రమే పరిమితం కాదు. కొలతకు ఎంచుకొన్న ప్రమాణంలోనే అది ఉంది. పదప్రయోగ సూచికలను, పాఠాంతరాల పట్టికలను నిలువు వరుసల్లో పేర్చి చూసే పరిశోధకుడికి ఈ తేడా ప్రతి పంక్తిలోనూ ఎదురవుతుంది. లెక్క ఒక తీరుగా, తెరపై రూపం మరో తీరుగా ఉండి వరుసలు చెదురుతాయి.

గడి తెలుగుకు కొత్తది కాదు

ఇంతమాత్రాన సమాన గళ్ళలో రాయడం తెలుగు లిపికి విరుద్ధమని నిర్ణయించడం తొందరపాటు. బంధకవిత్వంలో చక్రం, పద్మం, ఖడ్గం వంటి చిత్రాలను విభజించి, ఒక్కో స్థానంలో ఒక్కో అక్షరాన్ని నిలుపుతారు. ఆ స్థానంలో నిలిచేది గుణింతమూ ఒత్తూ కలిసిన పూర్తి అక్షరం. హల్లు ఒక చోట, ఒత్తు మరో చోట పడదు. పత్రికల్లోని గళ్ళ నుడికట్టు ఇదే నియమాన్ని నేటికీ పాటిస్తున్నది. ‘త్యా’ను రెండు గళ్ళలో నింపే పూరకుడు ఉండడు. తెలుగువారికి గడి పరిచితమే. దాని ప్రమాణం అక్షరమన్న సంగతి చెప్పకుండానే తెలుసు.

భిన్న భాషలను ఒకే తలంపై నిలపడమూ ఈ ప్రాంతానికి అపరిచితం కాదు. వేములవాడ చాళుక్యుల కాలానికి చెందిన కుర్క్యాల బొమ్మలగుట్ట శాసనంలో, క్రీ.శ. 10వ శతాబ్దిలో, సంస్కృత కన్నడాల సరసన తెలుగు కంద పద్యాలు చోటుచేసుకొన్నాయి. కందం మాత్రాగణాలతో నడిచే పద్యం. మూడు భాషలు ఒకే రాతిపై చేరినా ఒకదాని ఛందస్సును మరొకదాని కొలతకు కుదించవలసిన అవసరం ఆ రచయితకు కలగలేదు. బహులిపి ఖతికి వర్తించవలసిన ఆదర్శం కూడా ఇదే.

సిరిసిల్ల నేతపని ఈ చర్చకు మరో ఉపమానాన్ని అందిస్తుంది. అక్కడ సాంచాలుగా వ్యవహరించే మరమగ్గాల మీదైనా, చేమగ్గం మీదైనా బొమ్మ పుట్టేది పడుగు, పేక కలిసే చోటనే. ఆ చోట పడుగు పైకి వస్తుంది, లేదా పేక పైకి వస్తుంది. యూనిఫాంట్ చుక్కకున్న రెండు స్థితులూ ఇవే. సిరిసిల్ల నేత కళాకారుడొకరు జి-20 చిహ్నాన్ని మగ్గంపై నేసిన సంగతి 2022 నవంబర్‌లో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ ప్రసంగం ద్వారా దేశమంతటికీ తెలిసింది. వంపులున్న చిహ్నాన్ని నిలువు అడ్డం దారాలతో సాధించవచ్చునంటే, గడి వంపుకు శత్రువు కాదని తేలుతుంది. అయితే నేతగాడు బొమ్మను బట్టి దారాల సంఖ్యను నిర్ణయిస్తాడు. యూనిఫాంట్‌లో 16 వరుసలు ముందే నిర్ణయమై ఉన్నాయి. చదరపు గడిలో ఇమిడే చీనా లిపికి ఆ చట్రం చాలావరకు సరిపోతుంది. తలకట్టు, అక్షరం, ఒత్తు అనే మూడు అంతస్తులున్న తెలుగుకు అంతస్తుకు ఐదారు వరుసలే దక్కుతాయి. ‘స్త్రీ’ వంటి రెండు ఒత్తుల అక్షరానికి అవీ చాలవు.

ప్రమాణంలో వచ్చిన మార్పు

అక్షరమే ప్రమాణం కావాలన్న వాదానికి ఇటీవల సాంకేతిక ప్రమాణం నుంచి కూడా బలం చేకూరింది. చదువరి ఒకే అక్షరంగా భావించే సంకేతాల గుంపును గుర్తించే నియమాలు యూనికోడ్‌లో ఉన్నాయి. 2023లో వెలువడిన 15.1 సంచికకు ముందు ఆ నియమాలు పొల్లు దగ్గర విరుపును అనుమతించేవి. ఆ లెక్కన సిరిసిల్ల ఐదు గుంపులుగా విడిపోయేది. 15.1లో చేరిన కొత్త నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో హల్లు, పొల్లు, హల్లు కలిసిన సముదాయాన్ని విడదీయకుండా ఉంచుతుంది. ఇప్పుడు ప్రమాణం లెక్కలోనూ సిరిసిల్లకు 4, జగిత్యాలకు 4, కోరుట్లకు 3. లాక్షణికులు శతాబ్దాలుగా పాటిస్తున్న సంఖ్యలకు ప్రమాణం ఆలస్యంగా చేరుకొంది.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు, రెడ్ హ్యాట్ సంస్థ వెలువరించిన లోహిత్ తెలుగు ఖతి ఒత్తులను యథారూపంలో చూపుతున్నాయి. స్వేచ్ఛగా లభించే ఖతుల్లో సంయుక్తాక్షరాలు సాధ్యమేనని వాటివల్ల రుజువైంది. ఆ సామర్థ్యాన్నీ, గడి నియమాన్నీ కలపడం మిగిలి ఉన్న పని. అక్షరానికి ఒక గడి, అవసరమైన చోట రెట్టింపు గడి అన్న ఏర్పాటుతో తెలుగు మోనోస్పేస్ ఖతిని నిర్మించడానికి సిద్ధాంతపరమైన అడ్డంకి లేదు. యూనిఫాంట్‌లోని రెండు కొలతల పద్ధతి అందుకు దారి చూపే నమూనాయే.

ముగింపు

గ్ను యూనిఫాంట్ తన లక్ష్యాన్ని నెరవేర్చిన ఖతి. గుర్తు స్థానంలో ఖాళీ పెట్టె కనిపించే దుస్థితి నుంచి అది తెలుగును తప్పించింది. సంయుక్తాక్షరాన్ని మాత్రం ఇవ్వలేకపోయింది. ఇచ్చేందుకు దాని నిర్మాణ సూత్రంలో అవకాశం లేదు. ఈ పరిశీలన వల్ల తేలిన ముఖ్యాంశం ఒకటే: తెలుగుకు ఇచ్చే మద్దతును సంకేతాల సంఖ్యతో కాక అక్షరాల కూర్పుతో కొలవాలి.

ఆ కొలతకు కావలసిన సామగ్రి తెలుగు శాఖల వద్ద ఉంది. వాడుకలో ఉన్న సంయుక్తాక్షరాల పట్టికలు, మాండలిక పదకోశాలు, ఊరిపేర్ల సేకరణలు ఖతి నిర్మాతకు పరీక్షాపత్రాలుగా ఉపయోగపడతాయి. వాటిని అందించడం భాషాధ్యయనం పరిధిలోని పనే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అన్న మూడు పేర్లు విరగకుండా, ఒత్తులు చెదరకుండా, వాటి అక్షరాలకు తగిన గళ్ళలో నిలిచినప్పుడే ఒక మోనోస్పేస్ ఖతి తెలుగుకు మద్దతు ఇస్తున్నదని చెప్పడానికి వీలుంటుంది.