పీపాల ఫ్యాక్టరీలో బంతాట

కార్మికుల పేటను బాగుచెయ్యాలనుకోగానే అక్కడొక ఆటస్థలం కట్టిద్దామన్న ఆలోచన ఏ నగరపాలక సంఘానికైనా వస్తుంది. నేల చదును చేస్తారు, కంచె కడతారు, గేటుకు తాళం వేస్తారు. చివరికి ప్రారంభోత్సవం నాటి ఫోటో మిగులుతుంది. పిల్లలు మళ్ళీ వీధిలోనే ఆడుకుంటారు. ఇలా కాకుండా కట్టడం సాధ్యమేనని చూపించిన కట్టడం ఒకటి బ్రెజిల్ దేశంలో, సావో పావులో నగరంలో ఉంది. దాని పేరు సెస్క్ పొంపేయా. దాన్ని మెచ్చుకుంటూనే, మాకున్న రెండు అభ్యంతరాలు కూడా ఇక్కడ చెప్పదలచుకున్నాము.

పొంపేయా ఒకప్పుడు ఫ్యాక్టరీల పేట. అక్కడ 1930లలో కట్టిన ఇనపపీపాల ఫ్యాక్టరీ ఒకటుండేది. తరువాత అందులోనే రిఫ్రిజిరేటర్లు తయారుచేశారు. అది మూతపడ్డాక సెస్క్ ఆ స్థలాన్ని కొన్నది. సెస్క్ 1946లో ఏర్పడిన సంక్షేమ సంస్థ. వ్యాపార సంస్థలు తామిచ్చే జీతాల మొత్తం మీద నూటికి ఒకటిన్నర వంతున కట్టే సొమ్ముతో అది నడుస్తుంది. అంటే దుకాణంలో పనిచేసే గుమాస్తా అక్కడి ఈతకొలనులో దిగితే అది ఎవరో దయతలచి ఇచ్చిన దానం కాదు. ఈ సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి.

పాత షెడ్లు పడగొట్టి కొత్త భవనం కట్టాలని మొదట అనుకున్నారు. 1976లో ఆ స్థలాన్ని చూడటానికి లీనా బో బార్డి అనే ఆర్కిటెక్టు వెళ్ళారు. ఈమె 1914లో రోములో పుట్టి, 1946లో బ్రెజిల్ వచ్చి స్థిరపడిన మనిషి. మొదటిసారి ఆమె కంటికి ఆనింది షెడ్ల కాంక్రీటు చట్రం, పాత పనితనం. రెండోసారి ఒక శనివారం వెళితే లోపలంతా జనమే. పిల్లలు పరుగులు తీస్తున్నారు. కప్పు నుంచి వాన కారుతూంటే కుర్రాళ్ళు ఆ తడిలోనే బంతాట ఆడుతున్నారు. తల్లులు మాంసం కాలుస్తున్నారు. ఖాళీ ఫ్యాక్టరీని పేటవాళ్ళు ఎప్పుడో తమ విహారస్థలం చేసుకున్నారన్నమాట. ఇది ఇలాగే సాగాలని ఆమె అనుకున్నారు. ఈ కట్టడానికి అసలు ప్లాను ఆ శనివారమే తయారయిందని మేమంటాము.

షెడ్లను కూలగొట్టలేదు. గోడలకున్న సున్నం పొరలు గీకి ఇటుకను బయటపెట్టారు. లోపల గ్రంథాలయం, చేతిపనుల శాలలు, నాటకశాల, భోజనశాల ఏర్పాటుచేశారు. విశాలమైన హాల్లో నేల మీద వంపులు తిరుగుతూ ఒక నీటి కాలువ, పక్కనే చలి కాచుకోవడానికి నెగడు. ఏళ్ళ తరబడి ఆ స్థలంలోనే ఆఫీసు పెట్టుకుని, మేస్త్రీల మధ్యనే ఉండి ఆమె పని చేయించారు. ఈ భాగం 1982లో తెరిచారు.

ఆటల భాగం 1986లో పూర్తయింది. దానికి మిగిలిన స్థలం తక్కువ. పైగా భూమి కింద గొట్టంలో పారే వాగు మధ్యలో ఉంది. వాగు మీద కట్టడానికి వీల్లేదు. అందుకని వాగుకు అటొకటి ఇటొకటి, రెండు కాంక్రీటు గోపురాలు లేపారు. పెద్దదానిలో అడుగున ఈతకొలను, పైన ఒకదాని మీద ఒకటిగా ఆటకోర్టులు. చిన్నదానిలో మెట్లు, లిఫ్టులు, బట్టలు మార్చుకునే గదులు. రెంటినీ కలుపుతూ గాలిలో కాంక్రీటు వంతెనలు. వాగుకు పైన చెక్కలు పరిచారు. ఎండ కాసినప్పుడు జనం దానిమీద పడుకుంటారు. సముద్రం లేని ఆ నగరానికి అదే సముద్రపుటొడ్డు. కోర్టుల కిటికీలు మట్టిగోడకు చేత్తో పొడిచిన కన్నాల్లా వంకరటింకరగా ఉంటాయి. వాటికి అద్దాలు లేవు, చెక్కజాలీ తలుపులే. గాలి తనంతట తానే వచ్చిపోతుంది.

మాకు అన్నిటికన్నా నచ్చింది కోర్టుల కొలత. అవి పోటీలకు కావలసిన అధికారిక కొలతకు తక్కువ. అక్కడ పతకాల పోటీలు పెట్టడానికి వీల్లేదు. ఇది లోపమని కొందరికి అనిపించవచ్చు. కాని అధికారిక కొలతతో కడితే ఏమవుతుంది? ముందు క్లబ్బులవాళ్ళు వస్తారు, తరువాత వేళలు పంచుకుంటారు, చివరికి ఆట సరిగా రానివాడు బయట నిలబడి చూస్తాడు. సరదాగా ఆడుకునేవారి కోసమే తాను కడుతున్నానని తెలిసి ఆమె ఆ కొలత ఎంచుకున్నారు. నలభయ్యేళ్ళ మనిషి పని ముగించుకుని వచ్చి, బంతిని నాలుగుసార్లు తప్పుగా విసిరినా నవ్వులపాలు కాని చోటు అది.

ఇక అభ్యంతరాలు. వంతెనలకు పైకప్పు లేదు. బట్టలు మార్చుకుని కోర్టుకు వెళ్ళాలంటే ఎండయినా వానయినా ఆరుబయట దాటాలి. కుర్రవాళ్ళకు అది ఉత్సాహమే. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మకు, ఈత ఆడి తడితల ఆరని పసివాడికి మాత్రం కష్టం. చూసేవాడి కంటికిచ్చినంత విలువ దాటేవాడి ఒంటికి ఇవ్వలేదని మా ఫిర్యాదు.

రెండోది పెద్దది. పొంపేయా ఇప్పుడు ఫ్యాక్టరీల పేట కాదు. ఎత్తయిన అపార్టుమెంట్లు లేచాయి, మధ్యతరగతివారు, అంతకు పైవారు చేరారు. దీనికంతటికీ ఈ కట్టడమే కారణమని అనలేము. నగరమంతటా నడిచిన మార్పు అది. కాని పేట బాగుపడిందని రాసేవారు, ఎవరికి బాగుపడిందో కూడా రాయాలి. ఆటస్థలం మనుషులను రప్పించగలదు. అద్దె పెరిగినప్పుడు ఉన్నవాళ్ళను నిలబెట్టలేదు. ఆ పని ఆర్కిటెక్టు గీతలకు లొంగేది కాదు. అయినా ఈనాటికీ దూరపు పేటల నుంచి వచ్చే ఉద్యోగుల పిల్లలకు ఆ గేటు తెరిచే ఉందంటే, జీతాల మీద వసూలయ్యే ఆ ఒకటిన్నర వంతు పుణ్యమే.

ఇదంతా మన పత్రికలో ఎందుకంటారా? పరదేశంలో మన సంఘాలు ఎక్కడ భవనం మాట ఎత్తినా ముందు గోపురం ఎత్తు, హాల్లో కుర్చీల లెక్క, దాతల పేర్ల పలక చర్చకు వస్తాయి. అంతకన్నా ముందు ఒక శనివారం సాయంత్రం మనవాళ్ళు అద్దె హాల్లో ఏం చేస్తున్నారో చూడాలని మా మనవి. పిల్లలు వరండాలో బంతి తన్నుతూంటే, పెద్దవాళ్ళు వంటగది గుమ్మం దగ్గరే కబుర్లాడుతూంటే, ఆ వరండానూ ఆ గుమ్మాన్నీ ముందు గీయించండి. వేదిక సంగతి తరువాత చూసుకోవచ్చు.