లాగడమే తప్ప నెట్టడం లేని తీగలు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పాత ఎర్ర బస్సుల్లో పైకప్పు కింద ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక తాడు ఉండేది. కండక్టర్ ఎక్కడ నిలబడి లాగినా డ్రైవర్ దగ్గర గంట మోగేది. వెనక సీటు కుర్రాడు కూడా అదే క్షణంలో లాగితే గంటకేం కాదు. వదిలితే తాడు తన చోటికి తానే వెళ్లిపోయేది. సెన్సర్లను ప్రాసెసర్‌కి కలిపే ఐటూసీ బస్ పనితీరంతా ఇదే.

1982లో ఫిలిప్స్ కంపెనీ దీన్ని తెచ్చింది, ముఖ్యంగా టీవీ సెట్ల లోపల చిప్పుల మధ్య తీగల చిక్కు తగ్గించడానికి. కరెంటు, గ్రౌండ్ సంగతి పక్కన పెడితే మాటలకు రెండే తీగలు: డేటా, క్లాక్.

ఏ చిప్పూ ఈ తీగల్ని పైకి నెట్టదు. కిందికి లాగుతుంది, లేదా వదిలేస్తుంది. వదిలిన తీగను 3.3 వోల్టులకు చేర్చే పని ఒక చిన్న పుల్-అప్ రెసిస్టర్‌ది. ఈ ఒక్క కట్టుబాటు నుంచి ఎన్ని పుట్టుకొచ్చాయో చూడండి. ఒక చిప్పు 1 అని, మరొకటి 0 అని ఒకేసారి అంటే మామూలు పిన్నుల్లో షార్ట్ సర్క్యూటే. ఇక్కడ 0 గెలుస్తుంది, అంతే. 1 అన్న చిప్పు తీగను చూసి గమ్మున తప్పుకుంటుంది. గెలిచిన సందేశంలో ఒక్క బిట్టూ చెడదు. ఎనిమిది బిట్లు వెళ్లాక తొమ్మిదో క్లాక్‌కు పంపినవాడు డేటా తీగ వదిలేస్తాడు. అందుకున్నవాడు కిందికి లాగితే అందినట్టు. ఎవరూ లాగకపోతే ఆ మౌనమే జవాబు. సెన్సర్‌కు ఇంకాస్త వ్యవధి కావాలంటే క్లాక్ తీగనే కిందికి పట్టుకుని ప్రాసెసర్‌ను ఆపగలదు.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది మొదలు, ముగింపు చెప్పే తీరు. క్లాక్ పైన ఉండగా డేటా మారకూడదన్నది నియమం. ఆ నియమాన్ని కావాలనే తప్పడం ద్వారా మొదలూ ముగింపూ చెబుతారు: అప్పుడు డేటా కిందికి పడితే సంభాషణ మొదలు, పైకి లేస్తే ముగింపు. అందుకని మూడో తీగ అక్కర్లేకపోయింది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున గాలి పీడనం పడిపోవడం చూడాలనుకునే విద్యార్థికి బీఎంపీ280 అనే పీడన సెన్సర్ చాలు. పొడవు 2.5 మిల్లీమీటర్లు, వెడల్పు 2. మీటరు ఎత్తు తేడాకు వచ్చే 0.12 హెక్టోపాస్కల్ మార్పును పట్టుకుంటుంది. తేమకు ఎస్‌హెచ్‌టీ31, గడియారానికి డీఎస్3231 తోడైతే మూడూ అవే రెండు తీగల మీద ఉంటాయి. పిలవడానికి వాటి చిరునామాలు హెక్సాలో వరసగా 76, 44, 68. రెండో బీఎంపీ280 కావాలంటే ఒక పిన్ను మార్చి 77 చేయొచ్చు. మూడోదానికి చోటు లేదు. ఏడు బిట్ల చిరునామాలో పొదుపు కాస్త ఎక్కువైంది.

అసలు లోటు మాత్రం వేరే. రెసిస్టర్ తీగను నెమ్మదిగా పైకి తెస్తుంది. తీగ పొడవయ్యే కొద్దీ కెపాసిటెన్స్ పెరుగుతుంది, నిబంధనల ప్రకారం 400 పికోఫారడ్‌లే హద్దు. 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో ఆ హద్దు దగ్గర తీగ లేవడానికి దాదాపు 1.6 మైక్రోసెకన్లు పడుతుంది. సెకనుకు లక్ష బిట్ల వేగంలో అనుమతించేది ఒక్క మైక్రోసెకనే. రేపల్లె వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, కొలిచే ప్రోబ్ నీళ్లలో, పెట్టె గట్టు మీది షెడ్డులో. అంత దూరానికి ఐటూసీ పనికిరాదు. రెండు వైపులా బలంగా నెట్టే ఆర్‌ఎస్-485 వాడాలి. ఐటూసీ పుట్టిందే ఒక పెట్టె లోపలి పనికి. ఆ హద్దులో దీనికి సాటి తక్కువ.

బోర్డు మీద మాడ్యూళ్లు వరసగా తగిలించేవారికి ఒక మాట. చాలా మాడ్యూళ్లలో పుల్-అప్ రెసిస్టర్ ముందే ఉంటుంది. 4.7 కిలోఓమ్‌లవి ఐదు కలిస్తే 940 ఓమ్‌లకు దిగి, చిప్పు లాగాల్సిన కరెంటు 3 మిల్లీఆంప్‌ల హద్దు దాటుతుంది. ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. ఆ తర్వాత ఆసిలోస్కోప్‌లో తీగ లేచే వంపు ఒకసారి చూడండి.