తెరమీది సన్నని పంక్తి
మదురైలో ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళ లిపి నేర్చిన కుటుంబములందు, పాత సినిమా పాటలను ఆరాధించు రసికులు కొందఱు కలరు. ఒక సంగీతకర్త తొలినాళ్ళ పేరును తెరపై పసిగట్టుటలో వారి నేర్పు నాకు మిక్కిలి ముచ్చట గొలుపును. కథకు ముందు మెఱసి మాయమగు పేర్లను నిలిపి, ‘సంగీతము’ అను పెద్ద అక్షరములను విడిచి, క్రింద ‘సహాయకులు’ అను సన్నని పంక్తి యుండునేమో యని వెదకుదురు. తెలుగు ప్రతిలో అక్షరము కొఱుకుడు పడనిచో తమిళ ప్రతితో సరిపోల్చి, పాటల పుస్తకమును, గ్రామఫోను రికార్డు నడిమి కాగితమును సాక్ష్యమునకు బిలుతురు. 1953 నాటి ‘దేవదాసు’ వారికి గట్టి పరీక్ష: సి. ఆర్. సుబ్బురామన్ 1952లోనే గతింపగా మిగిలిన పనిని ఆయన సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేసిరి గనుక, ఏ వాద్యఖండ మెవరిదో చెవియే తేల్చవలెను. నాటి మదురై జిల్లాలోని పణ్ణైపురమున బుట్టిన ఇళయరాజా, 1976లో ‘అన్నక్కిళి’తో పెద్ద అక్షరముల కెక్కకముందు, జి. కె. వెంకటేశ్ వద్ద సహాయకుడై యుండెను గదా. ఆనాటి పాట విని ‘ఇది ఆయన చేయేరా’ అని ఒకడు మురియగా, ‘టైటిలు చూపించరా, అప్పుడు నమ్ముతాను’ అని వేఱొకడు అడ్డుపడును. నా మెప్పులో పెద్దపాలు ఈ రెండవవానిదే.