పోపు మాడినా పాఠం తప్పలేదు

రేడియోలో శాస్త్రీయ సంగీతమనగానే చాలామందికి శనివారం రాత్రి జాతీయ సంగీత కార్యక్రమమే గుర్తొస్తుంది. 1952లో మొదలైన ఆ కచేరీల్లో మహామహులు పాడారు, కాదనను. కానీ ఆ వేళకి ఇల్లాలు వంటిల్లు సర్ది, పిల్లల్ని పడుకోబెట్టి, ఆలాపన సగంలోనే కునుకు తీసేది! (మావారు మాత్రం తల ఊపుతూనే ఉండేవారు. అది తాళమో, నిద్రో ఇప్పటికీ తేలలేదు.)

నన్నడిగితే, రోజు మొత్తంలో గొప్ప కార్యక్రమం విజయవాడ కేంద్రం వారి సంగీత శిక్షణే. వోలేటి వెంకటేశ్వర్లుగారి పాఠాలు విన్నారా? కచేరీలో సంగతి మెరుపులా వచ్చిపోతుంది. "ఆహా" అనేలోపు ఇంకొకటి! పాఠంలో అలా కాదు. గురువుగారు పాడతారు, శిష్యులు అంటారు. మళ్ళీ అదే సంగతి, ఇంకొంచెం నిదానంగా. ఒకే చోట అలా నిలబడితేగానీ రాగం తలుపు తియ్యదు.

పెళ్ళితో నా సంగీతం వర్ణాల దగ్గరే ఆగింది. తంబూరా పుట్టింట్లో ఉండిపోయింది. మళ్ళీ నోరు విప్పించినవి ఆ పాఠాలే, అదీ పొయ్యి దగ్గర. "పోపు మాడుతోందమ్మాయ్!" అని అత్తగారు కేకేసినా చరణం అయ్యేదాకా కదిలేదాన్ని కాదు.

2016లో ఆకాశవాణి 'రాగం' పేరుతో ఇరవై నాలుగు గంటల శాస్త్రీయ సంగీత ఛానెలే పెట్టింది. సంతోషమే. అయితే ఎన్ని గంటల కచేరీ విన్నా నా నోట కొత్త సంగతి ఒక్కటీ పలకదు.

మొన్న కూర తరుగుతూ ఆ పాత పాఠమే కూనిరాగం తీస్తుంటే, "నాకూ చెప్పు అమ్మమ్మా" అంది మనవరాలు. చెప్పాను. నాకు నెలపట్టిన సంగతి రెండోసారికే అనేసింది, భడవ!