లేడీ ఆడ్లీ రహస్యము

భయము గొలిపి చదివించు నవలలను పాఠకులు ఒక్క రాత్రిలో ముగించి, మరునాటికి మరచిపోవుట కలదు. అట్లు మరవరానివి కొన్ని మాత్రమే. 1862లో లండను నగరమున మూడు సంపుటములుగా వెలువడిన ‘లేడీ ఆడ్లీస్ సీక్రెట్’ అట్టివానిలో నొకటి. దీనిని రచించిన మేరీ ఎలిజబెత్ బ్రాడన్ 1835లో జన్మించి 1915లో మరణించెను. సుందరియు, అపాయకారిణియు నగు స్త్రీ తన గతమును మరుగుపరచి గౌరవకుటుంబమున వెలుగొందుట, తుదకా గతము బయల్పడుట అను కథలు నేటికిని పుస్తకములందును వెండితెరమీదను వచ్చుచునే యున్నవి. వానికి పూర్వికురాలగు నీ నవల గుణదోషములను ఇంచుక విచారింపదలచితిమి.

కథ యిది. జార్జి టాల్బాయ్స్ అను యువకుడు పేదపిల్ల యగు హెలెనును పెండ్లాడి, తండ్రి యాగ్రహమునకు గురియై, చేతిసొమ్మంతయు వ్యయమైన పిమ్మట, ఒకనాటి రాత్రి నిదురించు భార్యను పసిబిడ్డను విడిచి, చీటి యొకటి వ్రాసిపెట్టి, బంగారమునకై ఆస్ట్రేలియాకు పోయెను. మూడున్నర సంవత్సరములు గడచి తిరుగుప్రయాణమగు వరకు ఇంటికి జాబు వ్రాయలేదు. హెలెను బిడ్డను తన తండ్రికడ విడిచి, లూసీ గ్రేహమను మారుపేరుతో బడిలో పంతులమ్మగను, పిదప నొక వైద్యుని యింట పిల్లల ఉపాధ్యాయినిగను బ్రతికెను. ఏబదియైదేండ్లు దాటిన శ్రీమంతుడు సర్ మైకేల్ ఆడ్లీ యామెను వివాహమాడెను. అంతట మొదటి భర్త ఇరువదివేల పౌనులతో తిరిగివచ్చెను. క్షయరోగముతో మరణించిన వేరొక యువతిని హెలెను పేరున పూడ్పించి, ఆ మరణవార్తను పత్రికలో ప్రకటింపజేసి ఆమె తప్పించుకొనజూచెను. అదియు చాలక, తన్ను గుర్తుపట్టిన భర్తను పాడుబావిలోనికి త్రోసెను. మర్మమును వెదకుచున్న సర్ మైకేల్ సోదరుని కుమారుడు రాబర్టు బసచేసిన సత్రమునకు నిప్పుపెట్టెను.

రచయిత్రి నేర్పును మొదట మెచ్చుకొనవలెను. పూర్వకథలలో భయము పాడుకోటలలోను, దయ్యములలోను వసించెడిది. ఈమె దానిని తేనీటిబల్లవద్దకు తెచ్చెను. దుష్టురాలు వికృతాకారిణి కాదు. బంగారు కురులు, నీలికన్నులు, మృదుభాషణము గలిగి ఊరివారందరిచేత ప్రేమింపబడు గృహిణి. దోషి యెవరో పాఠకునకు త్వరలోనే తోచును. అయినను ఎట్లు తేలునో యను ఆతురత తగ్గదు. ఒక టోపీపెట్టెమీది చీటి నూడదీయగా దాని క్రింద మరియొక పేరుగల పాతచీటి కనబడు ఘట్టము చాలును, ఈమె శిల్పమును తెలిసికొనుటకు. ఒక పేరుమీద నింకొక పేరు నంటించుకొని బ్రతికిన ప్రాణి కథ యంతయు ఆ చిన్న కాగితములో నున్నది.

ఇక విచారింపవలసినది, ఆ రెండవ పేరు ఆమెకేల కావలసివచ్చెనని. ఇంగ్లండున 1857లో విడాకుల చట్టమొకటి వచ్చెను. భార్య వ్యభిచరించినచో భర్తకు విడాకులు దొరకును. భార్యకో, భర్త వ్యభిచారమునకు తోడు క్రూరత్వమో, రెండేండ్ల పరిత్యాగమో, అట్టి వేరొక దోషమో రుజువు కావలెను. ఉత్త పరిత్యాగమునకు వేరుకాపురమే కాని పునర్వివాహము లేదు. ఏడేండ్లు భర్త జాడ తెలియనిచో మరల పెండ్లాడుట నేరము కాదని 1861 నాటి చట్టము చెప్పెను. మూడేండ్లు నిరీక్షించిన హెలెను సుమంగళియు కాదు, వితంతువును కాదు. తెగని వివాహబంధ మన నేమో రచయిత్రియు నెరుగును: తాను సహజీవనము చేసిన ప్రకాశకుడు జాన్ మాక్స్‌వెల్‌ను, అతని మొదటి భార్య గతించిన పిమ్మట 1874లో గాని ఆమె పెండ్లాడలేకపోయెను.

ఇది పరదేశపు గొడవయే యని మనము తొలగిపోరాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతియు ఆ యేడేండ్ల నియమమునే యిచ్చటికి తెచ్చెను. 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిన వీరేశలింగంగారి పక్షమునకు ఆధారమైన పరాశరస్మృతి, స్త్రీకి అన్యపతి యనుమతింపబడిన ఐదాపదలలో భర్త కానరాకుండుటను మొట్టమొదట పేర్కొన్నది. మృతభర్తృకను గూర్చి మనము వాదించినంతగా, విడువబడిన యిల్లాలిని గూర్చి వాదింపలేదు.

నవల యుత్తరభాగమున లేడీ ఆడ్లీ తన రహస్యమును చెప్పును: తల్లి పిచ్చిది, ఆ పిచ్చి తనకును సంక్రమించినదని. రాబర్టు వైద్యుని పిలిపించును. వైద్యుడు మొదట కథ విని, బాధగల యింటినుండి పారిపోవుటలోను, సంపద కొరకు రెండవ పెండ్లి చేసికొనుటలోను పిచ్చి యేమియు లేదనును. పిదప ఆమెను చూచి, పిచ్చిది కాదు గాని అపాయకారిణి యని తేల్చును. అయినను అపకీర్తి కలుగకుండుటకై బెల్జియమునందలి యొక పిచ్చాసుపత్రికి దారి చూపును. న్యాయస్థానము లేదు, విచారణ లేదు. రాబర్టు ఆమెను అచ్చట ‘మదామ్ టేలర్’ అను పేరుతో చేర్పించి వచ్చును.

ఇచ్చటనే మా యాక్షేపణ. మారుపేరు పెట్టుకొనుట ఆమె యందు నేరమైనచో, పెద్దమనుష్యులు ఆమెకు మరియొక మారుపేరు పెట్టుట మర్యాద యెట్లయ్యెను? కథాంతమున రహస్యమును దాచువారు ఆడ్లీ వంశీయులే. బావినుండి బ్రతికి బయటపడిన జార్జి తుదకు తిరిగివచ్చి, మిత్రుని యింట సుఖముగ నుండును. నిదురించు భార్యను విడిచిపోయిన వాని నెవరును వైద్యునకు చూపరు. ఆమె పరదేశమున మరణించిన వార్త కొలది మాటలలో ముగియును. వైద్యునినోట సత్యమును పలికించిన రచయిత్రి, ఆ సత్యమును చివరివరకు నిలుపుకొనలేక శుభాంతమునకు లొంగిపోయెనని మా యభిప్రాయము.

లేడీ ఆడ్లీని మేము నిర్దోషి యనుట లేదు. బావియు నిజము, మంటయు నిజము. ఆ మంటలలో గాయపడిన సత్రపు యజమాని ప్రాణము పోవుటయు నిజము. వానికి శిక్ష కావలసినదే. కాని నేరమునకు శిక్ష వేయువాడు కారణమును విని తీరవలెను. పిచ్చి యని ముద్రవేసినవానికి వినవలసిన పని లేదు. ఈ నవలను మా సోదరీమణులు తప్పక చదువుదురు గాక. చదివి ముగించిన పిదప, ఆ గదికి తాళము వేసినవారు దేనికి భయపడిరో యొక్కసారి యాలోచింతురు గాక.