కంపెనీ చెప్పని దారి

2001లో వచ్చిన నింటెండో చేతి గేమ్ యంత్రం గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో ఒక చక్కటి ఏర్పాటుంది. కార్ట్రిడ్జ్ లేకుండా ఆన్ చేస్తే, కేబుల్ మీదుగా ప్రోగ్రాం వస్తుందేమోనని ఎదురుచూస్తుంది. వస్తే 256 కిలోబైట్ల మెమరీలోకి తీసుకుని నడిపిస్తుంది. నింటెండో తన ఆటల కోసం పెట్టుకున్న ఈ వీలును ఔత్సాహికులు అందరికీ పనికొచ్చేలా మలిచారు.

గేమ్‌క్యూబ్ కంట్రోలర్ల సాకెట్లున్న తొలి వీ కన్సోల్‌లో వాళ్లు సొంతంగా రాసిన హోమ్‌బ్రూ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. అది కేబుల్ మీదుగా గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు చిన్న ప్రోగ్రాం పంపుతుంది. ఆ తర్వాత కార్ట్రిడ్జ్ పెడితే అందులోని సేవ్ ఫైల్ (ఆట ఎంతవరకు వచ్చిందో దాచే ఫైల్) వీలోని ఎస్డీ కార్డులోకి చేరుతుంది. మళ్లీ ఎక్కించుకోవచ్చు కూడా. కొన్ని కార్ట్రిడ్జ్‌లలో సేవ్‌ను నిలిపేది చిన్న బ్యాటరీయే. అది అయిపోతే చిన్నప్పటి ఆటంతా పోయినట్టే. ఈ సాఫ్ట్‌వేర్ దాన్ని ముందే భద్రం చేస్తుంది.

ప్రోగ్రాం పంపే ముందు రెండు యంత్రాలూ రహస్య సంకేతాలతో ఒకదాన్నొకటి గుర్తించాలి. ఆ లెక్కను కంపెనీ బయటపెట్టలేదు. ఓపిగ్గా ఛేదించి, కోడ్‌ను ఉచితంగా పంచిన వాళ్ల పనితనం గొప్పది.

ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం చేసిందీ ఇలా సొంతంగా దారి వెతుక్కున్న పనే. చీర నేతకు ముందు చేత్తో నూలు చుట్టే ఆసు పోసే తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పెద్ద చదువు లేకపోవడం అడ్డు కాలేదు, అవసరమే దారి చూపింది.

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో కోడింగ్ నేర్చుకునే పిల్లలకు ఈ పనులు రెండూ చూపించాలి. వాడుకునేవాళ్లే యంత్రానికి కొత్త పని నేర్పగలరని వాళ్లకు నమ్మకం కలగాలి.